కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ 24 లక్షలంటున్నారు, ప్లాటు అమ్మి పంపొచ్చా?

చైతన్యపురి అన్నయ్య:
అందరికీ నమస్తే. చెల్లికి నీట్‌లో 248 వచ్చాయి. రెండోసారి రాసింది, మధ్యలో ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ కూడా అయింది. మా కేటగిరీకి కన్వీనర్ కోటాలో రాదు, బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు మా వల్ల కాదు. నాన్నది టైలరింగ్ షాపు, నేను ఒక గోడౌన్‌లో బిల్లింగ్ చేస్తా. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. కిర్గిజ్‌స్థాన్‌లో హాస్టల్, ఇండియన్ మెస్ కలిపి మొత్తం 24 లక్షలన్నారు. గోడ మీద "ఎన్ఎంసీ అప్రూవ్డ్" అని పెద్దక్షరాల్లో ఉంది. ఆదివారంలోగా 50 వేలు కట్టకపోతే సీటు పోతుందట. ఇబ్రహీంపట్నం దగ్గర 150 గజాల ప్లాటుంది, అమ్మేద్దామంటున్నాడు నాన్న. అక్కడ చదివినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

సికింద్రాబాద్ బాబాయ్:
ఆదివారంతో సీట్లు అయిపోవడం అనేది శ్రావణమాసం చీరల డిస్కౌంట్ లాంటిది బాబూ. మళ్లీ సోమవారం కూడా ఉంటుంది.

నైట్ డ్యూటీ అక్క:
తమ్ముడూ, నేను 2013లో కిర్గిజ్‌స్థాన్ వెళ్లి 2019లో చదువు ముగించుకుని వచ్చాను. ఇప్పుడు ఎల్బీ నగర్ వైపు ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌ని. కాబట్టి వెళ్లొద్దని ఒక్కమాటతో కొట్టిపారేయను. కానీ ఆ 50 వేలు మాత్రం ఇప్పుడే కట్టకండి.

ముందు గోడ మీద రాత సంగతి. విదేశీ కాలేజీల్లో "అప్రూవ్డ్" జాబితా అంటూ ఎన్ఎంసీ, అంటే నేషనల్ మెడికల్ కమిషన్, దగ్గర ఏదీ లేదు. ఉన్నవి షరతులు. 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి, బోధన ఇంగ్లిష్‌లోనే జరగాలి, చదువంతా ఒకే చోట పూర్తవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ డిగ్రీతో ఆ దేశంలో అక్కడి పౌరుడితో సమానంగా ప్రాక్టీస్ చేసుకునే లైసెన్సు రావాలి. చేరిన పదేళ్లలో ఇవన్నీ ముగియాలి. ఇందులో ఒక్కటి తగ్గినా మన దగ్గర పరీక్ష రాసే దారే మూసుకుపోతుంది. కన్సల్టెన్సీ వాళ్లని నోటిమాట అడక్కండి. ఇవన్నీ ఉన్నాయని యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాయించి తెమ్మనండి. ప్రపంచ మెడికల్ కాలేజీల జాబితా, వరల్డ్ డైరెక్టరీలో పేరుందని ఒక పేజీ చూపిస్తారు. అది కాలేజీ ఉందనడానికి సాక్ష్యం, అంతే.

ఇక 24 లక్షలు. ఫీజు డాలర్లలో. నేను చేరిననాడు డాలరు అరవై చిల్లర, వచ్చేనాటికి డెబ్బై, ఇప్పుడు 85 దాటేసింది. ఆరేళ్లపాటు అదే రేటుంటుందని ఎవరూ రాసివ్వలేరు. ఏటా విమానం టికెట్టు, వీసా పొడిగింపు, ఇన్సూరెన్స్, చలికాలం బట్టలు ఆ లెక్కలో ఉన్నాయో లేవో అడగండి. మెస్సు రెండో నెలకే మొహం మొత్తుతుంది, సొంతంగా వండుకోవడం మొదలుపెడతారు, ఆ ఖర్చు వేరు.

ఇంతకీ పెద్ద ఖర్చు ఏమిటో తెలుసా? వచ్చాక పోయే ఏళ్లు. విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావాలంటే, తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ అనే పరీక్ష రాయాలి. ఏడాదికి రెండుసార్లు పెడతారు. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగటివ్ మార్కులు లేవు. వినడానికి సులువు. ఈ మధ్య చాలా సెషన్లలో రాసినవాళ్లలో ఐదుగురికి ఒకరు చొప్పునే గట్టెక్కుతున్నారు. నాకు మొదటిసారి 131, రెండోసారి 146. ఆ నాలుగు మార్కుల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ముగ్గురు అమ్మాయిలం ఒక గదిలో మళ్లీ కొన్ని నెలలు కూర్చున్నాం. బంధువుల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. "డాక్టరమ్మా, ఏ హాస్పిటల్?" అని అడుగుతారు కదా. 2020 డిసెంబరులో 157తో బయటపడ్డాను. తర్వాత ఏడాది ఇక్కడ ఇంటర్న్‌షిప్. ఇంటర్ అయిననాటి నుంచి కోఠిలో మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా తొమ్మిదేళ్లు. నాతో ఇంటర్ చదివిన పిల్ల ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కూర్చుని 2014లో ఇక్కడే సీటు తెచ్చుకుంది. 2020కల్లా దాని హౌస్ సర్జన్సీ అయిపోయింది.

ఇంటిమీద అప్పు ఉంటే ఈ ఏళ్లు ఇంకా బరువు. ఎడ్యుకేషన్ లోన్‌కి మామూలుగా కోర్సు అయ్యాక ఒక ఏడాదిదాకే గడువు. ఎఫ్ఎంజీఈ అందకపోతే, కూతురు కోచింగ్‌లో ఉండగానే నాన్నకి కిస్తీ మొదలవుతుంది.

చైతన్యపురి అన్నయ్య:
అక్కా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. పరీక్ష సంగతి అడిగితే, "ఇక్కడి నుంచే ఆన్‌లైన్ కోచింగ్ ఇప్పిస్తాం, మా పిల్లలంతా పాస్" అన్నారు. చదువు చెప్పేది మాత్రం బాగానే ఉంటుందా?

నైట్ డ్యూటీ అక్క:
"మా పిల్లలంతా" అంటే హాల్‌టికెట్ నంబర్లు అడుగు, అప్పుడు తెలుస్తుంది ఎంతమందో.

చదువు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి రెండేళ్లు అనాటమీ, ఫిజియాలజీ బాగానే చెప్పారు. మూడో ఏడు వార్డుకి వెళ్లాక అసలు రంగు బయటపడింది. ఒక మంచం చుట్టూ పద్నాలుగు మందిమి. పేషెంటు ఒక ముసలావిడ, ఆవిడకి రష్యన్ తప్ప వేరే రాదు. మేడమ్ ఆవిడతో రష్యన్‌లో ఏదో మాట్లాడి, మావైపు తిరిగి ఇంగ్లిష్‌లో మూడు ముక్కలు చెప్పి, పక్క మంచానికి వెళ్లిపోయింది. వెనక నిలబడ్డవాళ్లకి ఆవిడ మొహమే కనపడలేదు. నేను మొండిగా భాష నేర్చుకున్నాను. "జివోత్ బలీత్?" అంటే కడుపు నొప్పిగా ఉందా అని. అలా అడగడం వచ్చాకే పేషెంట్లు నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. భాష నేర్చుకోని మా బ్యాచ్‌వాళ్లు ఆరేళ్లూ గోడకానుకుని నిలబడి వచ్చారు.

అయినా ఇక్కడ ఇంటర్న్‌షిప్ మొదటి రోజు కాన్యులా పెట్టమంటే నా చెయ్యి వణికింది. పేషెంటు భర్త నా ఐడీ కార్డు వైపు, సూది వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. సిస్టరమ్మ ఏమీ అనకుండా నా వేళ్లమీద తన వేళ్లు పెట్టి నరం ఎక్కడుందో తడిమి చూపించింది. ఆరేళ్ల చదువులో నాకు అలా చెయ్యి పట్టుకుని చూపించినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

తిరుమలగిరి అమ్మ:
బాబూ, మా అమ్మాయి జార్జియాలో మూడో ఏడు. మంచి మాట కూడా ఒకటి ఉండాలి కదా అని రాస్తున్నా. అది బాగానే చదువుతోంది, వీధులు రాత్రిపూట కూడా భయం లేకుండా ఉంటాయంటుంది. మాకు కిర్గిజ్‌స్థాన్ కంటే ఖర్చు ఎక్కువే పడుతోంది. వెళ్లేముందు మేం చేసిన పని ఒక్కటే. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్లు పక్కనపెట్టి, అదే కాలేజీలో నాలుగో ఏడు, ఐదో ఏడు చదివే తెలుగు పిల్లల్ని మేమే వెతికి పట్టుకుని మాట్లాడాం. మొదటి ఏడు పిల్లలకి అన్నీ బాగానే కనిపిస్తాయి, వాళ్లని అడిగి లాభంలేదు. అలా మాట్లాడాకే మొదట అనుకున్న కాలేజీ వద్దనుకున్నాం.

అక్కడి గొడవలు, యుద్ధాలు కూడా ఆలోచించుకోండి. 2022లో ఉక్రెయిన్ పిల్లలు ఎలా వచ్చారో అందరం చూశాం. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు జరిగినప్పుడు మా పక్కింటివాళ్లు రెండు రాత్రులు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. అలాంటప్పుడు వెనక్కొచ్చి వేరే కాలేజీలో చేరదామంటే చదువంతా ఒకే చోట అన్న నిబంధన అడ్డొస్తుంది. పచ్చడి, కందిపొడి ఎన్ని కిలోలు పంపినా ఆ భయానికి మందు లేదు.

సికింద్రాబాద్ బాబాయ్:
మా మేనల్లుడు ఫిలిప్పీన్స్ వెళ్లాడు. అక్కడ ముందు బీఎస్, తర్వాత నాలుగేళ్ల ఎండీ. ఆ బీఎస్ ఏళ్లు వైద్యం చదువు కింద లెక్కకు రావని ఇక్కడ తేల్చేశారు. వాడు 2021 నిబంధనలకు ముందే చేరాడు కాబట్టి ఎఫ్ఎంజీఈ రాయనిచ్చారు, ఇప్పటికి నాలుగుసార్లు రాశాడు, అందలేదు పాపం. ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా రాత్రులు చూసుకోమని పిలిచారు. మా అక్క గట్టిగా వద్దంది. పట్టుబడితే కేసు వాడిమీదే పడుతుంది.

ఇంకొకటి. ఓవర్సీస్ విద్యానిధి కింద ప్రభుత్వం 20 లక్షలిస్తుందని మీ కన్సల్టెన్సీ చెప్పిందా? మాకు చెప్పారు. అది పీజీ చదువులకు, ఎంబీబీఎస్‌కి కాదు.

చైతన్యపురి అన్నయ్య:
చెప్పారు బాబాయ్! అచ్చం ఇదే మాట.

నైట్ డ్యూటీ అక్క:
తమ్ముడూ, నీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. అందులో నాన్న ఉన్నాడు, షాపు ఉంది, ప్లాటు ఉంది, గోడమీది బోర్డు కూడా ఉంది. చెల్లి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. లాంగ్‌టర్మ్‌లో ఎవరూ లేపకుండా తనంతట తను లేచి చదివిందా? కిర్గిజ్‌స్థాన్‌లో అటెండెన్స్ తప్ప అడిగేవాడు ఉండడు. ఎఫ్ఎంజీఈ సిలబస్ మొదటి ఏడాది నుంచే చదువుకున్నవాళ్లే మొదటిసారికి గట్టెక్కడం నేను చూశాను. నేను ఐదో ఏడులో తెరిచాను పుస్తకం.

తొందర కూడా ఏమీ లేదు. విదేశాలకైతే ఈ నీట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈలోగా కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో చివరి రౌండు దాకా పేరు ఉంచండి. ప్రైవేటులో కన్వీనర్ కోటా ("ఏ" కేటగిరీ) సీటు వస్తే ఏడాదికి 60 వేలే, గత ఏడాది మీ కేటగిరీలో ఆఖరి ర్యాంకు ఎంతో చూడకుండా రాదని అనుకోవద్దు. ఆయుర్వేదం, హోమియో కూడా ఇదే ర్యాంకుతో. వెటర్నరీ దారి కూడా ఉంది, ఇక్కడి సీట్లకు ఏ పరీక్ష ర్యాంకు చూస్తారో కనుక్కోండి. వెటర్నరీని చిన్నచూపు చూడకు, మా ఆడపడుచు పశువుల డాక్టరు, నాకన్నా ముందు స్థిరపడింది.

ప్లాటు అమ్మడం అన్నిటికన్నా ఆఖర్న. ఏడున్నర లక్షలు దాటిన లోన్‌కి బ్యాంకు ఎలాగూ తాకట్టు అడుగుతుంది, లేఅవుట్‌కి అనుమతి ఉంటే అదే ప్లాటు చూపించవచ్చేమో ముందు కనుక్కోండి.

చైతన్యపురి అన్నయ్య:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. చెల్లిని కూర్చోబెట్టి అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, లాంగ్‌టర్మ్ మళ్లీ నావల్ల కాదు, కిర్గిజ్‌స్థాన్ అని నేనెప్పుడూ అనలేదు, మీరే అన్నారు" అంది. వెటర్నరీ పేరు చెప్పగానే మాత్రం, చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో దూడ పుట్టినప్పుడు రాత్రంతా కొట్టంలో కూర్చున్న సంగతి తనే ఎత్తింది. సీటు వస్తుందో రాదో చూడాలి. రాకపోతే జార్జియా అమ్మగారు చెప్పినట్టు పై ఏళ్ల పిల్లలతో తనే మాట్లాడతానంటోంది.

కన్సల్టెన్సీ నుంచి శనివారం ఫోన్ వచ్చింది. నాన్నే ఎత్తాడు. షాపులో మిషన్ ఆపకుండానే, "అక్క చెప్పినవన్నీ యూనివర్సిటీ కాగితం మీద రాయించి ఇవ్వండి సార్, అప్పుడు కడతా" అన్నాడు. ఏ అక్క అని వాళ్లు అడిగారట. ఇంతవరకు మళ్లీ ఫోన్ లేదు.

అక్కా, వెటర్నరీ కౌన్సెలింగ్‌కి లోకల్ సర్టిఫికెట్లు ఏమేం కావాలో మీ ఆడపడుచుగారిని ఒకసారి అడిగి పెడతారా?