మండువా లోగిలి ఉంచాలా, పడగొట్టాలా?

అమలాపురం నుంచి (ప్రశ్న):
మాది తాతగారి నాటి మండువా ఇల్లండి, మధ్యలో కప్పు లేని ఖాళీ జాగా, చుట్టూ వసారాలు. నాన్నగారు పోయాక, పడగొట్టి డాబా వేద్దామని అన్నయ్య పట్టుబడుతున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అక్కలిద్దరూ ఇంకా ఏమీ చెప్పలేదు. మీరైతే ఏం చేస్తారు?

పాలకొల్లు వాసి:
పడగొట్టకండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవల కింద వరి పండాకే డెల్టా రైతుకి ఇలాంటి లోగిళ్లు కట్టే శక్తి వచ్చింది. మండువాలోంచి వేడి పైకి పోతుంది, నాలుగు వసారాలకీ వెలుతురొస్తుంది. మే నెలలో ఈ అగ్గిపెట్టె డాబాల్లో రాత్రి పదింటికి కూడా శ్లాబు సెగ కక్కుతుంది. ఆ టేకు స్తంభాలు ఒకసారి పాత కలప కొట్టుకి పోతే మళ్లీ రావు.

కొత్తపేట కోడలు:
గాలి సంగతి నిజమే. అది ఎవరికి తగిలేదో కూడా చెప్పండి. అరుగు మీదా, వసారాలో పడక కుర్చీలోనూ మగవాళ్లు. పెరటివైపు పొగచూరిన వంటింట్లో ఆడవాళ్లు. నెలలో మూడు రోజులు ఓ మూల గది. మా అత్తగారు వీధి అరుగు మీద కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. ఆ ఇంటిని రోజూ నిలబెట్టింది వాళ్ల చాకిరీ.

ఇంకో సంగతి. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం, 2005లో కేంద్రం చేసిన సవరణలతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకీ సమాన వాటా వచ్చింది. రావలసిందే. కానీ మండువా ఇల్లు ఒక్క పొయ్యి వెలిగే కుటుంబానికి కట్టింది. వాటాలేస్తే మండువాకి అడ్డంగా గోడ లేస్తుంది, చూరు నీళ్లు ఎవరివైపు పడాలన్న దగ్గరే తగువు మొదలు. మా వీధిలో అలా చీల్చిన ఇంట్లో ఒక సగం చీకటి, రెండో సగం చెమ్మ.

రావులపాలెం దళితపేట నుంచి:
మా తాతని ఆ అరుగు కూడా ఎక్కనివ్వలేదు. వాకిట్లో నిలబడి కూలి గింజలు తీసుకున్నాడు. మా తాటాకింటి కప్పు 1996 నవంబరు తుఫానుకి లేచిపోయింది. పెద్దమ్మ కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి పంపిన డబ్బుతో శ్లాబు వేశాం. దాన్ని అగ్గిపెట్టె అంటే మాకు నొప్పేస్తుందండి. గాలివానొస్తే పిల్లల్ని ఎత్తుకుని బడికి పరిగెత్తే టెన్షన్ ఇప్పుడు లేదు. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు గుమ్మంలోంచే లోపలికొస్తారు.

పాలకొల్లు వాసి:
మీ ఇద్దరి బాధా అర్థమైంది. కానీ ఇల్లు మార్చుకోవచ్చు కదా? వంటిల్లు ముందుకి తెచ్చి, గదులకి బాత్రూములు కట్టి, మండువా అలాగే ఉంచుకోవచ్చు.

కొత్తపేట కోడలు:
ఉంచుకోవచ్చు. ఖర్చెవరిది? కోతులు పెంకులు పీకేస్తుంటే ఏటా కప్పు నేయించాలి, నేసేవాళ్లా దొరకడం లేదు. అమలాపురం అన్నయ్యగారూ, ముందు అక్కల వాటా కాగితం మీద తేల్చండి. అది కొనే స్తోమత మీకుంటే ఇల్లు ఉంచండి, వంటిల్లు మాత్రం మీ ఆవిడ చూపించిన చోట కట్టండి. లేదంటే మీ అన్నయ్య మాటే వినండి.