కర్నూల్లో ఉండి కార్పొరేట్ గవర్నెన్స్ చదవడం దండగా?

బురుజు_నీడ
మూడేళ్ల ఎల్ఎల్‌బీలో ఆఖరి ఏడాది నాది. కంపెనీ లా ఎలాగూ తప్పనిసరి పేపరు. దానికి తోడు ఆప్షనల్‌గా కార్పొరేట్ గవర్నెన్స్ రాసిచ్చాను, అంటే కంపెనీని బోర్డు, డైరెక్టర్లు ఎలా నడపాలో చెప్పే పేపరు. క్లాసు మొత్తంలో తీసుకున్నది నలుగురం. సాయంత్రాలు నేను వెళ్లి కూర్చునే సీనియర్ గారికి ఈ సంగతి చెబితే కళ్లజోడు తీసి మరీ నవ్వారు. “బొంబాయి సేట్లు ఎవరైనా బీ క్యాంపులో ఆఫీసు తెరుస్తున్నారేమిరా?” అన్నారు. భూతగాదాలు, యాక్సిడెంట్ క్లెయిములు, విడాకులు, చెక్ బౌన్సులు... మన కోర్టుల్లో నడిచేవి ఇవే కదా. ఆప్షనల్ మార్చుకోవడానికి ఇంకో వారం టైముంది. ఇక్కడే ప్రాక్టీసు పెట్టాలనుకునేవాడికి ఇది పనికొస్తుందా? ఉన్నమాట చెప్పండి.

నల్లకోటు_కడప
మార్చుకో తమ్ముడూ. మీ సీనియర్ నవ్వితే నవ్వాడు గానీ అబద్ధం చెప్పలేదు. కంపెనీల తగాదాలు వినేది ఎన్‌సీఎల్‌టీ, అదే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్. మన రాష్ట్రానికి ఉన్నది అమరావతి బెంచ్. కంపెనీల లెక్కలు, ఫారాలు తీసుకునే రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ ఆఫీసేమో విజయవాడలో. పోనీ, బస్సెక్కి పోయావే అనుకో. అక్కడ వాదించేది మనమొక్కరమే కాదు. కంపెనీల చట్టం 432వ సెక్షన్ ప్రకారం సీఏ, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంట్ కూడా పార్టీ తరఫున నిలబడొచ్చు. బ్యాలెన్స్ షీటును పొద్దుటి పేపరు చదివినట్టు చదివేవాళ్లు వాళ్లు. వాళ్ల పక్కన మనం ఏ మాత్రం? నేనూ చదివాను ఈ పేపరు, 68 మార్కులొచ్చాయి. పద్నాలుగేళ్లలో ఒక్కసారి వాడలేదు. ఆ టైములో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇంజంక్షన్ల గురించి చెప్పే ఆర్డర్ 39 నమిలి మింగు. ఇంజంక్షన్ పిటిషన్ గట్టిగా రాయడం వస్తే ఇంటద్దె గడుస్తుంది.

చెనక్కాయ_అనంత
వాడలేదో, వాడాల్సిన చోట గుర్తుపట్టలేదో అన్నా! నాది అనంతపురం, తొమ్మిదేళ్ల ప్రాక్టీసు. పోయిన ఎండాకాలం ఐదుగురు రైతులు మా ఆఫీసుకొచ్చారు. ఒక పెద్దాయన చేతిలో ఎరువుల గోతంతో కుట్టించిన సంచి. అందులో పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులు, వాటి మధ్య ఒక రిజిస్టర్డ్ పోస్టు కవరు, చింపకుండా. “ఇంగ్లీషులో ఉంటే భయమేసి తెరవలేదమ్మా” అన్నాడు. తెరిస్తే విజయవాడ నుంచి నోటీసు. ఐదుగురూ ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి డైరెక్టర్లు. ఎలా అయ్యారని అడిగితే, “సంతకం పెడితే విత్తనాలు తక్కువకిస్తామన్నారమ్మా.”

మన దగ్గర వేరుశనగకు, చీనీకి ఇలాంటి కంపెనీలు పెట్టుకున్నారు. పేరులో రైతు ఉన్నా ఇవి సహకార సంఘాలు కావు. 2020 సవరణతో కంపెనీల చట్టంలో చేర్చిన 21ఏ అధ్యాయం కింద నడుస్తాయి. పదిమంది రైతులు కలిస్తే చాలు. బోర్డులో ఐదుగురికి తగ్గకూడదు, పదిహేనుకు మించకూడదు. రైతులే సభ్యులైన కంపెనీలో ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్క ఓటే. వినడానికి ముచ్చటగా ఉంది కదా? ఏటా వేయాల్సిన లెక్కలు, రిటర్ను వేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున మీద పడతాయి. వరుసగా మూడేళ్లు వేయకపోతే 164(2) కింద డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులు. 166వ సెక్షన్లో రాసిన డైరెక్టరు బాధ్యతలు బొంబాయి సేటుకూ శింగనమల రైతుకూ ఒకటే.

బోర్డు మీటింగుల్లో ఏం తీర్మానించారో రాసిపెట్టే మినిట్స్ పుస్తకం తెప్పించాను. ఏడు మీటింగులు. ఏడింటికీ ఒకే పెన్ను, ఒకే వరుసలో సంతకాలు. ఒక తేదీ చూపిస్తే పెద్దాయన నవ్వేశాడు. “ఆ పొద్దు మేమందరం చేన్లో చెనక్కాయలు పీకుతా ఉన్నాం.” తమ్ముడూ, నువ్వు రాసిచ్చిన ఆప్షనల్ అంటే ఆ పుస్తకమే.

తాడిపత్రి_బండ
మేడమ్ చెప్పింది బాగుంది గానీ, చదివితే ఒరిగేదేముంది? సత్యం కంప్యూటర్స్ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరే ఉన్నాడు. 2008 డిసెంబరు 16న అదే బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానికి సంబంధించిన మేటాస్ కంపెనీలను కొనడానికి తలూపింది. దాన్ని ఆపింది బోర్డు కాదు, గగ్గోలు పెట్టిన ఇన్వెస్టర్లు. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసేదాకా లెక్కల్లో బొక్క బయటపడలేదు. తర్వాత 2013 చట్టం తెచ్చారు, లిస్టెడ్ కంపెనీలు ఆడిటర్లను మార్చాలన్నారు, షేర్‌హోల్డర్లంతా కలిసి కేసు వేయొచ్చన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి రోడ్లు, ప్రాజెక్టులకు అప్పులిచ్చే పెద్ద ఫైనాన్స్ కంపెనీ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ మునిగింది. గవర్నెన్స్ అంతా షోకు.

చెనక్కాయ_అనంత
బ్యాంకులో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్లు లేనే లేవని ఆ ఉత్తరంలోనే ఉంది. రైతులు మినిట్స్ పుస్తకం తెచ్చినప్పుడు నేను రెండోది అడిగింది బ్యాంకు స్టేట్‌మెంటే, అదీ బ్రాంచి నుంచి నేరుగా. ఆ అనుమానం నాకు సత్యం చదివాకే అలవాటైంది.

ఆదోని_పత్తి
నేను వకీలును కాను, జిన్నింగ్ మిల్లులో గుమాస్తాను. మా ఓనరు వదినమ్మ కంపెనీలో పేరుకు డైరెక్టరు, మిల్లు గేటు కూడా దాటలేదెప్పుడూ. కంపెనీ చెక్కు బౌన్సయితే ఆమెకూ సమన్లొచ్చాయి. మొదట పెట్టుకున్న లాయరు వాయిదాలకు తిరగమన్నాడు. రెండో ఆయన ఫిర్యాదు చదివి, “ఈమె రోజువారీ పని చూసేదని ఇందులో ఎక్కడా ఒక్క ముక్క లేదే” అని పట్టుకున్నాడు. ఉత్త డైరెక్టరు అయినంత మాత్రాన సరిపోదని 2005లో ఎస్‌ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందంట. హైకోర్టులో ఆమె మీద కేసు కొట్టేశారు. ఫీజు మొదటాయన కంటే మూడింతలు తీసుకున్నాడు. మారుమాట లేకుండా ఇచ్చాం.

నల్లకోటు_కడప
అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 141వ సెక్షన్. దానికి గవర్నెన్స్ పేపరు చదవాలా? నేనూ వాదిస్తాను ఆ పాయింటు. మేడమ్, రైతుల కేసులో మీకెంత ముట్టిందో అది కూడా రాయండి. పిల్లవాడు లెక్క వేసుకోవాలి కదా.

చెనక్కాయ_అనంత
ఎనిమిది వేలు, ఒక గంప చీనీకాయలు. ఫారాలు వేసే పని కంపెనీ సెక్రటరీకే అప్పజెప్పాను, దాచడమెందుకు. ఆ విషయంలో మీరన్నది నిజం. కానీ నోటీసుకు జవాబు రాసింది, ఆ సంతకాల సంగతి తేల్చింది నేను. ఇప్పుడు ఇంకో మూడు కంపెనీల వాళ్లు ఆ గోతం సంచీ పెద్దాయన పేరు చెప్పి వస్తున్నారు.

నా కోపం వేరే చోట ఉంది. నాకు పాఠం చెప్పినవాళ్లు 1897 సాలొమన్ కేసును ఏడాది పొడుగునా వల్లెవేయించారు. కంపెనీ వేరు, మనిషి వేరు, పది మార్కులు. మినిట్స్ పుస్తకం ఎలా ఉంటుందో మాత్రం ఒక్కరూ చూపలేదు. నేను మొదటిసారి చూసింది ఆ రైతుల చేతిలోనే. మీకు 68 వచ్చీ పనికిరాలేదంటే తప్పు సబ్జెక్టుది కాదేమో అన్నా.

నల్లకోటు_కడప
అది ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

బురుజు_నీడ
మేడమ్ రాసింది చదివాక మా మేనమామ గుర్తొచ్చాడు. పత్తికొండ పక్కన టమోటా రైతు. ఆయనా ఏదో కంపెనీలో డైరెక్టరని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. నిన్న రాత్రి కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో ఆ పేరు కొట్టి చూశాను. చివరి బ్యాలెన్స్ షీటు తేదీ రెండేళ్ల కిందటిది. మూడోది గడువు దగ్గరికొచ్చింది. ఫోన్ చేస్తే, “ఆ కంపెనీనా? ఆఫీసు బీగం నా దగ్గరే ఉందిలే అబ్బీ, భద్రంగా పెట్టినా” అన్నాడు. ఆదివారం పోతున్నాను. మేడమ్, మినిట్స్ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు కాకుండా ఇంకేం అడగాలి?

చెనక్కాయ_అనంత
చెక్కుబుక్కు. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టిచ్చాడేమో చూడు.