ఉబుంటు 25.10లో లాగిన్ దగ్గర ఎక్సార్గ్ ఆప్షన్ పోయింది, లైబ్రరీ సిస్టమ్‌లకి ఏ లాగిన్ మేనేజర్ ఉంచుకోవాలి?

రాజోలు_లైబ్రరీ

నమస్కారం అండి. రాజోలు దగ్గర మా ఊళ్ళో చిన్న లైబ్రరీ ఉంది. పక్క గదిలో పాత డెస్క్‌టాప్‌లు పెట్టి సాయంత్రం పూట పిల్లలకి తెలుగు టైపింగ్, బొమ్మలు గీయడం, పెద్దవాళ్ళకి కాస్త పైథాన్ నేర్పుతున్నాం. అన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవే, 4 జీబీ ర్యామ్, విండోస్ 11 ఎక్కదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సపోర్ట్ అయిపోయింది కాబట్టి దాదాపు అన్నింట్లోనూ ఉబుంటు 24.04 వేశాం, బాగానే నడుస్తున్నాయి.

ఒక్కదాంట్లో మాత్రం కొత్తది ఎలా ఉందో చూద్దామని 25.10 వేశాను. యూజర్ పేరు నొక్కాక కింద కుడి మూల గేర్ గుర్తు వస్తుంది కదా, అందులో ఇదివరకు ‘ఉబుంటు ఆన్ ఎక్సార్గ్’ (స్క్రీన్‌ని పాత ఎక్స్11 పద్ధతిలో నడిపేది) ఉండేది, ఇప్పుడు లేదు. నాకది ఎందుకు కావాలంటే, నా టేబుల్ దగ్గర నుంచే పిల్లల స్క్రీన్లన్నీ ఎపాప్టీస్ అనే ప్రోగ్రామ్‌లో చూస్తాను, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలిసేది దానివల్లే. ఎక్సార్గ్ బదులు వచ్చిన వేలాండ్ సెషన్‌లో అది పనిచేయడం లేదు, స్క్రీన్ నల్లగా వస్తోంది.

రెండోది, ఇంకో సిస్టమ్‌లో డెబియన్ మినిమల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, లాగిన్ మేనేజర్‌గా లైట్‌డీఎం ఉన్నాయి. లాగిన్ స్క్రీన్‌లో యూజర్ల లిస్టు కనిపించేలా పెట్టి, పేర్లు తెలుగులో ఇచ్చాను. లాగిన్ అయ్యాక తెలుగు చక్కగా కనిపిస్తుంది, కానీ లాగిన్ స్క్రీన్‌లో మాత్రం పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా ఉన్నాయి. వెనక గోదావరి ఫోటో పెడితే అదీ రావడం లేదు, ఖాళీ రంగు వస్తోంది.

ఉబుంటుతో వచ్చే లాగిన్ మేనేజర్ జీడీఎం తీసేసి అన్నింట్లో లైట్‌డీఎం పెట్టేస్తే గొడవ వదులుతుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, నెట్ మాకు సాయంత్రాలు బాగా నెమ్మది, వీడియోలు చూడటం కష్టం.

---

కాలువగట్టు

మీ రెండు సమస్యలకీ కారణాలు వేరండి, ముందు మొదటిది చెప్తాను.

గేర్‌లో ఆప్షన్ పోవడానికి కారణం లాగిన్ మేనేజర్ కాదు, దాని వెనక ఉన్న డెస్క్‌టాప్, అంటే గ్నోమ్. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 49లో గ్నోమ్ వాళ్ళు ఎక్స్11 సెషన్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు, ఉబుంటు 25.10లో ఉన్నది ఆ గ్నోమే. లాగిన్ మేనేజర్ చేసే పని ఏమిటంటే సిస్టమ్‌లో ఏయే సెషన్ ఫైళ్ళు ఉన్నాయో చూసి వాటిని గేర్‌లో చూపించడం, పాస్‌వర్డ్ సరిపోతే మీరు ఎంచుకున్నది మొదలుపెట్టడం. అక్కడ గ్నోమ్ ఎక్సార్గ్ ఫైలే లేనప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. జీడీఎం తీసి లైట్‌డీఎం పెట్టినా, ఎస్‌డీడీఎం అనే ఇంకో లాగిన్ మేనేజర్ పెట్టినా ఆ ఆప్షన్ తిరిగి రాదు.

చాలామంది పొరబడే ఇంకో విషయం, జీడీఎం పూర్తిగా ఎక్స్11ని వదిలేసిందనుకుంటారు. గ్నోమ్ 49తో వచ్చిన జీడీఎం కూడా వేరే డెస్క్‌టాప్‌ల ఎక్స్11 సెషన్లని తెరుస్తుంది. అంటే 25.10 మీదే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇన్‌స్టాల్ చేస్తే గేర్‌లో అది కనిపిస్తుంది, దాంట్లోకి వెళ్తే మీ ఎపాప్టీస్ మామూలుగానే నడుస్తుంది. పాత ఎక్స్11 అప్లికేషన్లు కూడా ఎక్కడికీ పోలేదు, వేలాండ్ సెషన్‌లో అవి ఎక్స్‌వేలాండ్ ద్వారా నడుస్తాయి. స్క్రీన్ మొత్తాన్ని చూసే ప్రోగ్రామ్‌లకే చిక్కు. ఎక్స్11లో ఏ ప్రోగ్రామ్ అయినా మిగతా ప్రోగ్రామ్‌ల కిటికీల్ని చూడగలదు, కీబోర్డ్ మీద నొక్కేవి వినగలదు, ఎపాప్టీస్ పనిచేసేది ఆ వెసులుబాటు మీదే. వేలాండ్ దాన్ని కావాలనే మూసేసింది. ఎపాప్టీస్ లాంటిదే అయిన వేయాన్‌కి మారినా లైనక్స్‌లో అదే పరిస్థితి.

నా సలహా అడిగితే ఆ ఒక్క సిస్టమ్‌లో కూడా 24.04 వేసెయ్యండి. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అందులో ఎక్సార్గ్ సెషన్ ఉంది. 25.10 లాంటి మధ్య రిలీజులకి సపోర్ట్ తొమ్మిది నెలలే, పిల్లలు వాడే గదిలో వాటితో పనిలేదు.

ఇక డబ్బాల సంగతి. ఫాంట్ మీ హోమ్ ఫోల్డర్‌లో వేసి ఉంటారు, అవునా?

---

రాజోలు_లైబ్రరీ

అవునండి, హోమ్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్ పెట్టి అందులో కాపీ చేశాను. ఫోటో కూడా హోమ్‌లో పిక్చర్స్‌లోనే ఉంది.

---

కాలువగట్టు

అయితే రెండింటికీ కారణం ఒకటే. లాగిన్ స్క్రీన్ కనిపించేసరికి మీరింకా లోపలికి వెళ్ళలేదు. ఆ స్క్రీన్‌ని నడిపేది లైట్‌డీఎం అనే వేరే యూజర్, దానికి మీ హోమ్‌లో ఏముందో తెలియదు, చాలాసార్లు చూడటానికి అనుమతి కూడా ఉండదు. ఉబుంటులో అయితే 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్లు వేరే యూజర్లకి మూసేసే ఉంటాయి. అందుకని లాగిన్ దగ్గర కనపడాల్సిన ప్రతిదీ సిస్టమ్ మొత్తానికి చెందిన చోట ఉండాలి.

ఫాంట్‌ని హోమ్‌లోంచి కాపీ చేయడం కన్నా ప్యాకేజీ మేనేజర్‌లో నోటో గానీ లోహిత్ తెలుగు గానీ ఇన్‌స్టాల్ చేయండి, అది యూఎస్ఆర్ కింద షేర్‌లో ఫాంట్స్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఫోటోని అదే షేర్‌లో బ్యాక్‌గ్రౌండ్స్ ఫోల్డర్‌లో పెట్టి, అందరూ చదవగలిగేలా పర్మిషన్ ఇచ్చి, గ్రీటర్ (లాగిన్ స్క్రీన్ గీసే భాగం) సెట్టింగ్‌లో ఆ దారి రాయండి. తర్వాత రీస్టార్ట్.

యూజర్ పేరులో ఒక తేడా గమనించండి. సిస్టమ్ వాడుకునే అసలు పేరు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే ఉండనివ్వండి, తెలుగు పేరు ‘పూర్తి పేరు’ అనే గడిలో ఇవ్వండి. లాగిన్ స్క్రీన్ చూపించేది ఆ పూర్తి పేరునే. పిల్లలు తమ పేరు తెలుగులో చూసుకుని నొక్కడం చాలా బాగుంటుంది, ఆ పని మాత్రం వదలకండి.

---

భీమవరం_ల్యాబ్

ఆలస్యంగా చూశాను. నేను ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను, మా దగ్గర లైట్‌డీఎం, లైనక్స్ మింట్‌లో వచ్చే స్లిక్ గ్రీటర్‌తో. లైట్‌డీఎం కొత్తదేం కాదు, 2011లో ఉబుంటు 11.10తో వచ్చింది, 17.10 నాటికి ఉబుంటు జీడీఎంకి మారిపోయింది, కానీ మింట్ దాన్ని వదల్లేదు. పాత మెషీన్లకి తేలిగ్గా ఉంటుంది. జీడీఎం లాగిన్ స్క్రీన్ నడిచేది గ్నోమ్ షెల్ మీదే, 4 జీబీ ర్యామ్‌లో ఆ బరువు తెలుస్తుంది.

పిల్లల గదికి కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

గెస్ట్ సెషన్ పెట్టాలనిపిస్తుంది, మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో దానికి ఆప్షన్ ఉంది. నేనైతే వద్దంటాను. గెస్ట్‌లో చేసినదంతా తాత్కాలికం, లాగౌట్ అవగానే తుడిచేస్తుంది, కరెంటు పోయినా అంతే. మన డెల్టాలో తుపాను రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు చెప్పాలా! పిల్లాడు గీసిన బొమ్మ పోతే రేపు మళ్ళీ రావాలనిపించదు. పైగా 2017లో ఉబుంటు గెస్ట్ సెషన్‌ని డిఫాల్ట్‌గా ఆపేసింది కూడా, మిగతా యూజర్ల ఫైళ్ళ నుంచి దాన్ని వేరుగా ఉంచాల్సిన కట్టడి సరిగ్గా పడటం లేదని తేలాక.

దానికన్నా చిన్నపిల్లలకి ఒక్కొక్కరికీ అకౌంట్ చేసి, ‘nopasswdlogin’ అనే గ్రూపులో చేర్చండి. ఉబుంటు, మింట్‌లలో ఆ గ్రూపులో ఉన్న యూజర్ పేరు నొక్కితే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి వెళ్తాడు. ఫైళ్ళు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఆ అకౌంట్లకి సుడో (అడ్మిన్ అధికారం) మాత్రం ఇవ్వొద్దు, ఇది చాలా ముఖ్యం.

పాస్‌వర్డ్ పెట్టే పెద్దపిల్లలుంటే కీబోర్డ్ లేఅవుట్ చూసుకోండి. తెలుగు టైపింగ్ నేర్పుతున్నారు కదా, తెలుగు కీబోర్డ్ లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్‌ని సిస్టమ్ మొత్తానికి మొదటి లేఅవుట్‌గా పెట్టేస్తే లాగిన్ స్క్రీన్‌లో కూడా అదే వస్తుంది, పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి తెలుగు పడుతోందని ఎవరికీ తెలియదు, సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పంటుంది. పిల్లలు ఏడుస్తారండి దానికి. మొదటిది ఇంగ్లీష్, రెండోది తెలుగు అని పెట్టి, గ్రీటర్ పైన పట్టీలో లేఅవుట్ కనిపించేలా ఉంచండి.

ఇంకోటి, గ్నోమ్ వాడుతూ జీడీఎం తీసేస్తే స్క్రీన్ లాక్ పనిచేయదు, గ్నోమ్ లాక్ స్క్రీన్ జీడీఎం మీద ఆధారపడుతుంది. కాబట్టి ‘అన్నింట్లో లైట్‌డీఎం’ అనకండి. గ్నోమ్ ఉన్నచోట జీడీఎం ఉంచండి, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సిన్నమన్ ఉన్నచోట లైట్‌డీఎం.

---

గౌతమి_పాయ

నేను కాస్త వేరేలా అంటాను, ఏమీ అనుకోకండి. ఎక్స్11ని పట్టుకుని ఇంకెన్నాళ్ళు కూర్చుంటాం? లాగిన్ మేనేజర్లు అన్నీ అటే వెళ్తున్నాయి. ఎస్‌డీడీఎంకి 2023లో వచ్చిన 0.20లో వేలాండ్ గ్రీటర్ ప్రయోగాత్మకంగా వచ్చింది, ఫెడోరా 38 కేడీఈ డెస్క్‌టాప్‌లో దాన్నే డిఫాల్ట్ చేసింది. ఇప్పుడు కేడీఈ వాళ్ళు ఎస్‌డీడీఎం నుంచే విడదీసి సొంతంగా ప్లాస్మా లాగిన్ మేనేజర్ చేసుకున్నారు, వాళ్ళ డెస్క్‌టాప్ ప్లాస్మా 6.6తో వచ్చింది. డెస్క్‌టాప్‌లో ఉన్న వాల్‌పేపర్, రంగులు, స్క్రీన్ సెట్టింగ్‌లు లాగిన్ దగ్గర కూడా అలాగే కనపడాలన్నది దాని ఉద్దేశం. ఎస్‌డీడీఎం థీమ్‌లు దానికి సరిపోవు, సిస్టమ్‌ని మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ లేకుండా నడవదు, అది కొందరికి నచ్చలేదు, కానీ దిశ మాత్రం స్పష్టం.

జీడీఎం పక్కన కూడా, గ్నోమ్ 46 నుంచి రిమోట్ లాగిన్ వచ్చింది, వేరే సిస్టమ్ నుంచి ఆర్‌డీపీతో (రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి) కలిస్తే జీడీఎం లాగిన్ స్క్రీనే మీ ముందు తెరుచుకుంటుంది. మీరు ఇంటి దగ్గర నుంచే లైబ్రరీ సిస్టమ్‌లోకి వెళ్ళి పని చూసుకోవచ్చు, ఎక్సార్గ్ అక్కర్లేదు.

---

కాలువగట్టు

గౌతమి గారూ, దిశ గురించి మీ మాటతో గొడవ లేదు. కొత్త మెషీన్ కొని ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి నేనూ వేలాండే చెప్తాను. ఆయన అవసరం వేరు. రిమోట్ లాగిన్ కొత్త సెషన్ తెరుస్తుంది, అక్కడ కూర్చున్న పిల్లాడి స్క్రీన్‌లో ఏముందో చూపించదు. గ్నోమ్‌లో డెస్క్‌టాప్ షేరింగ్ అని వేరేది ఉంది, అది ఉన్న స్క్రీన్‌ని చూపిస్తుంది, కానీ ఒక్కో అకౌంట్‌లోకీ వెళ్ళి విడివిడిగా పెట్టుకోవాలి, పది స్క్రీన్లు పక్కపక్కన చిన్నచిన్నగా చూడటానికి అది కుదరదు. క్లాస్‌లో ఒక్క టీచర్ ఉన్నప్పుడు ఆ చూపే కదండీ సగం పాఠం. 2029 దాకా సమయం ఉంది, ఈలోగా వేలాండ్‌కి సరైన క్లాస్‌రూమ్ టూల్ వస్తే అప్పుడు మారతారు.

---

రాజోలు_లైబ్రరీ

అందరికీ ధన్యవాదాలు అండి. నోటో ఫాంట్ ప్యాకేజీ నుంచి వేశాను, ఫోటో షేర్ ఫోల్డర్‌లోకి మార్చాను, రీస్టార్ట్ చేయగానే పేర్లన్నీ తెలుగులో వచ్చాయి! లంకల నుంచి పంటు దాటి వచ్చే పిల్లలు ముగ్గురున్నారు, వాళ్ళు తమ పేర్లు చూసుకుని ఎంత సంబరపడ్డారో చెప్పలేను. 25.10 సిస్టమ్‌లో ఆదివారం 24.04 వేస్తాను, జీడీఎం అలాగే ఉంచుతాను.

ఒక్క చివరి సందేహం. నా టేబుల్ మీది సిస్టమ్‌కి ఆటో లాగిన్ పెట్టాను, కరెంటు వచ్చాక దానంతట అదే పైకి రావాలని. అప్పటి నుంచి బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ‘లాగిన్ కీరింగ్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని అడుగుతోంది. ఇది ఏమైనా ప్రమాదమా?

---

భీమవరం_ల్యాబ్

ప్రమాదం కాదండి, కంగారు పడకండి. మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఉండే కీరింగ్, మీరు లాగిన్ దగ్గర కొట్టే పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. లాగిన్ మేనేజర్ ఆ పాస్‌వర్డ్‌ని పామ్ (లైనక్స్‌లో లాగిన్ సరిచూసే భాగం) ద్వారా దానికి అందిస్తుంది. ఆటో లాగిన్‌లో మీరు ఏమీ కొట్టరు కాబట్టి అందించడానికి ఏమీ ఉండదు, అందుకే తర్వాత అడుగుతోంది. వేలిముద్రతో లాగిన్ అయినా ఇదే వస్తుంది.

కీరింగ్‌కి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టేస్తే అడగడం ఆగిపోతుందని చాలాచోట్ల రాస్తారు, పది మంది తిరిగే గదిలో ఆ పని చేయకండి, డిస్క్ చేతికి దొరికినవాళ్ళు అన్నీ చదివేయొచ్చు. ఆ సిస్టమ్‌లో లైబ్రరీ మెయిల్ గానీ బ్యాంకు గానీ తెరుస్తుంటే ఆటో లాగిన్ తీసేసి పాస్‌వర్డ్ కొట్టి వెళ్ళడమే మంచిది. కరెంటు వచ్చాక ఆన్ అవడం లాగిన్ మేనేజర్ పని కాదు, బయోస్‌లో ‘ఏసీ పవర్ వచ్చాక ఆన్ అవ్వాలి’ అన్న సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే లాగిన్ స్క్రీన్ దాకా వచ్చి మీ కోసం ఆగుతుంది.