కన్సోల్‌కు రక్షణ ఉండాలి, సందేశాలు మాత్రం కనిపిస్తూనే ఉండాలి: ఎలా?

తిరుపతిలోని ఒక సంస్థలో ఐబీఎం జెడ్/ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) ఆపరేటర్ కన్సోళ్ల, అంటే సిస్టమ్ సందేశాలు చూసి ఆదేశాలు ఇచ్చే తెరల, బాధ్యత చూస్తున్నాను. రాత్రి షిఫ్టులో ఆపరేటర్ పక్క గదికి వెళ్ళినప్పుడు కన్సోల్ ముందు ఎవరు కూర్చున్నా ఆదేశాలు ఇవ్వగలుగుతున్నారు; అలాగని తెరను పూర్తిగా మూసివేస్తే, జవాబు కోసం వేచి ఉన్న సందేశం ఎవరి కంటా పడక జాబ్‌లు (కంప్యూటర్‌లో నడిచే పనులు) నిలిచిపోతాయి. నా దృష్టిలో రెండవదే పెద్ద ప్రమాదం.

సిస్టమ్ అమరికలు ఉండే పార్మ్‌లిబ్‌లోని కన్సోల్ మెంబర్‌లో, డీఫాల్ట్ స్టేట్‌మెంట్ కింద లాగాన్‌ను రిక్వయిర్డ్‌గా (తప్పనిసరిగా) పెట్టి, ఎవరు ఏ ఆదేశం ఇవ్వవచ్చో భద్రతా సాఫ్ట్‌వేర్ అయిన రాక్‌ఎఫ్ (RACF)లో ఆపరేటర్ ఆదేశాల అనుమతులు చూసే ఆపర్‌కమాండ్స్ (OPERCMDS) క్లాసు ద్వారా నిర్ణయించాలని అనుకుంటున్నాను. అయితే ఐపీఎల్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రక్రియ) సమయంలో, రాక్‌ఎఫ్ ఇంకా సిద్ధం కాకముందే జవాబు ఇవ్వవలసి వస్తే ఏ కన్సోల్‌ను, ఏ అధికారంతో ఉంచుతున్నారు? షిఫ్టు మారేటప్పుడు లాగాఫ్ చేయకుండా వెళ్ళిపోయే వారి విషయంలో ఏ ఏర్పాటు చేశారు? ఈ పద్ధతిని అమలులో పెట్టినవారు దయచేసి వివరించగలరు.