కాంటాక్టర్ పడంగనే బోర్డు ఆగిపోతుంది: లోపం ఇంటరప్ట్‌లలోనా, వైరింగ్‌లోనా?

దేవరకొండ_బోరు

7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరుకు కంట్రోల్ బోర్డు చేస్తున్న. బ్లూ పిల్, అంటే ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ బోర్డు, 72 మెగాహెర్ట్జ్, ఫ్రీఆర్‌టాస్ (పనులను టాస్కులుగ పంచి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టం). స్టార్టర్ డబ్బాల కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్ 415 వోల్టులది.

మూడు ఫేజులు పీసీ817 ఆప్టోల (వెలుగు తోటి సిగ్నల్ దాటించే చిప్పుల) మీదుగ ఎక్స్‌టీఐ 5, 6, 7కు వస్తున్నయి; ఎక్స్‌టీఐ అంటే పిన్ను మారంగనే ఇంటరప్ట్ (నడుస్తున్న కోడ్‌ను ఆపి పిలిచే పిలుపు) ఇచ్చే లైను. బత్తాయి తోటల నీళ్ల మీటరు రీడ్ స్విచ్ పీబీ0కు పెట్టిన: పల్సుకు 10 లీటర్లు, మధ్యల 40 మీటర్ల వైరు, లోపలి పుల్-అప్ (పిన్నును పైకి పట్టి ఉంచే రెసిస్టర్) తప్ప ఇంకేం లేదు. ఎస్సెమ్మెస్‌ల జీఎస్‌ఎం మాడ్యూల్ యూసార్ట్1 (సీరియల్ పోర్టు) మీద, సెకండుకు 115200 బిట్లు, బైటుకో ఇంటరప్ట్. ఎక్స్‌టీఐ, ఎన్‌విక్ (ఇంటరప్ట్‌ల ప్రయారిటీ చూసే భాగం) రిజిస్టర్లు చేతితోనే రాసిన, ప్రయారిటీలు ముట్టలేదు. మిగతాది హాల్ లైబ్రరీ (చిప్ కంపెనీ ఇచ్చే తయారు కోడ్).

ఫేజ్ ఐఎస్‌ఆర్‌ల, అంటే ఇంటరప్ట్ రాంగనే నడిచే ఫంక్షన్‌ల, ఫేజుల మధ్య గ్యాప్ తేడా కొడితే హాల్ డిలే 5 (5 మిల్లీసెకండ్లు ఆగుడు) పెట్టి పిన్ను మళ్ల చూస్తున్న. అప్పటికీ తప్పే ఉంటే మోటరు టాస్కుకు క్యూల వేస్తున్న. ఆఖరికి పీఆర్ (పెండింగ్ ఇంటరప్ట్‌ల) రిజిస్టర్‌కు |= తోటి ఫ్లాగ్ తీసేస్తున్న. మోటరు నడిచిన గంటలు 5 నిమిషాలకోసారి లోపలి ఫ్లాష్‌ల రాస్తున్న.

టేబుల్ మీద మంచిగనే నడుస్తది. బోరు కాడ కాంటాక్టర్ పడంగనే ఒక్కోసారి బోర్డు బిగుసుకుపోతది. మీటరు లెక్క ఎక్కువ వస్తది. ఎస్సెమ్మెస్‌ల అక్షరాలు పోతయి, కొంచెం సేపటికి మాడ్యూల్ నుంచి అసలేం రాదు, రీసెట్ కొట్టాల్సిందే. ఎక్కడ మొదలుపెట్టాలె?

పాలమూరు_లాజిక్

తమ్ముడూ, బోర్డు బిగుసుకునేది ఐఎస్‌ఆర్‌లోని హాల్ డిలే దగ్గర. ఆ ఫంక్షన్ హాల్ టిక్ (మిల్లీసెకండుకోసారి పెరిగే లెక్క) పెరిగేదాకా తిరుగుతూ ఉంటుంది. టిక్‌ను పెంచేది ఇంకో ఇంటరప్ట్. ప్రయారిటీ ముట్టకపోతే ఎక్స్‌టీఐ సున్నాలో ఉంటుంది, కార్టెక్స్-ఎం3లో సున్నా అంటే అన్నిటికంటే పైది. కింది ప్రయారిటీలో ఉన్న టిక్ దాన్ని ఆపి లోపలికి రాలేదు, డిలే ఎప్పటికీ అయిపోదు. టేబుల్ మీద గ్యాప్ ఎప్పుడూ తప్పదు కాబట్టి ఆ దారిలోకి కోడ్ పోలేదు. కాంటాక్టర్ పడ్డప్పుడు నాయిస్‌కు గ్యాప్ తప్పింది, పోయింది.

రెండోది, సున్నా ప్రయారిటీలో ఉండి క్యూలో వేయడం. ఫ్రీఆర్‌టాస్ తన క్రిటికల్ సెక్షన్లలో (మధ్యలో ఎవరూ దూరకూడని కోడ్‌లో) బేస్‌ప్రి రిజిస్టర్‌తో కొన్ని ప్రయారిటీ లెవెల్స్‌నే ఆపుతుంది. ఆ హద్దు, అంటే మ్యాక్స్ సిస్కాల్ ప్రయారిటీ, మామూలుగా 5 పెడతారు. ఈ చిప్‌లో నాలుగు బిట్లే ఉన్నాయి కాబట్టి రిజిస్టర్‌లో అది 80 (5 × 16) అవుతుంది. ఫ్రీఆర్‌టాస్ ఫంక్షన్ పిలిచే ప్రతి ఐఎస్‌ఆర్ 5 నుంచి 15 లోపే ఉండాలి, పిలిచేది కూడా ఫ్రమ్ ఐఎస్‌ఆర్ అని పేరులో ఉన్న రకాన్నే. 0 నుంచి 4 లోపు ఉన్నది కెర్నల్ (ఫ్రీఆర్‌టాస్ గుండెకాయ) టాస్కుల లిస్టు సర్దుతున్న మధ్యలో దూరి లిస్టునే చెడగొడుతుంది. అప్పుడు కోడ్ ఎక్కడో సంబంధం లేని చోట చస్తుంది. కాన్ఫిగ్ అసర్ట్ (ఫ్రీఆర్‌టాస్‌లో తప్పు పట్టే చెక్) ఆన్ చేసి పెట్టు, తప్పు ప్రయారిటీతో పిలిచిన మొదటిసారే అక్కడ ఆగుతుంది. ప్రయారిటీ గ్రూపింగ్ 4 పెట్టు, నాలుగు బిట్లూ ప్రీఎంప్షన్‌కే (ఒక ఇంటరప్ట్‌ను ఆపి ఇంకోటి దూరడానికే) పోవాలి.

మూడోది ఆ |=. పీఆర్‌లో 1 రాస్తే ఆ బిట్ క్లియర్ అవుతుంది. |= ముందు మొత్తం రిజిస్టర్ చదివి తిరిగి రాస్తుంది కదా, 5 కోసం రాస్తే అప్పటికే పెండింగ్‌లో ఉన్న 6, 7 కూడా పోతాయి. 5 నుంచి 9 దాకా అన్నిటికీ వెక్టర్ (ఐఎస్‌ఆర్ చిరునామా) ఒకటే కాబట్టి నీకు ఇది తగిలే తీరుతుంది. ఉత్త = తో ఆ ఒక్క బిట్ రాయి. అదీ ఐఎస్‌ఆర్ మొదట్లోనే. చివరి లైన్లో రాస్తే ఆ రాత పెరిఫెరల్‌కు చేరేలోపే ఐఎస్‌ఆర్ నుంచి బయటపడి, అదే ఇంటరప్ట్‌లోకి ఉత్తగా మళ్లీ పోయే అవకాశం ఉంది.

అసలు ఫేజులకు ఎక్స్‌టీఐ ఎందుకు? టైమర్2 ఇన్‌పుట్ క్యాప్చర్ వాడు: పీఏ0, పీఏ1, పీఏ2. ప్రీస్కేలర్ (క్లాక్‌ను భాగించేది) 71 పెడితే కౌంటుకు 1 మైక్రోసెకండు. ఎడ్జ్ టైమును హార్డ్‌వేరే పట్టేస్తుంది, ఐఎస్‌ఆర్ 50 మైక్రోసెకండ్లు ఆలస్యంగా వచ్చినా అంకె మారదు. ఒక ఫేజుకు, తర్వాతి ఫేజుకు మధ్య 6,667 దగ్గర రావాలి, అదే ఫేజు మళ్లీ వచ్చేసరికి 20,000. కౌంటర్ 65,536 దగ్గర తిరిగి సున్నాకు వస్తుంది, తీసివేత 16 బిట్ల అన్‌సైన్డ్‌లో చేస్తే ఇబ్బంది లేదు. ఐఎస్‌ఆర్ ఆ అంకెను దాచి టాస్కుకు నోటిఫికేషన్ ఇచ్చి బయటికి రావాలి, లెక్కలన్నీ టాస్కులో. చివర్లో పోర్ట్ ఈల్డ్ ఫ్రమ్ ఐఎస్‌ఆర్ మరవకు. అది లేకుంటే టాస్కు తర్వాతి టిక్ దాకా లేవదు.

మిర్యాలగూడ_స్కోప్

పైన చెప్పినవన్నీ సరే. ఎస్సెమ్మెస్ సంగతి మాత్రం వేరు. 115200లో ఒక బైటుకు 87 మైక్రోసెకండ్లు. ఎఫ్103 యూసార్ట్‌లో ఫిఫో (బైట్లు వరుసలో ఆగే జాగా) లేదు, తర్వాతి బైటు పూర్తిగా వచ్చేలోపు ముందుది చదవకుంటే ఓవర్‌రన్, అంటే బైటు పోతుంది. ఫ్లాష్‌లో ఒక పేజీ చెరపడానికి 20 నుంచి 40 మిల్లీసెకండ్లు, అంతసేపూ ఫ్లాష్ నుంచి కోడ్ తీసుకునే సీపీయూ నిలబడిపోతుంది, ఏ ఐఎస్‌ఆర్ నడవదు. అంటే దాదాపు 460 బైట్ల దాకా పోవచ్చు. ఓవర్‌రన్ వచ్చాక హాల్ రిసీవ్‌ను ఆపేస్తుంది. ఎర్రర్ కాల్‌బ్యాక్‌లో మళ్లీ మొదలుపెట్టే లైను లేకుంటే రీసెట్ దాకా అంతే సంగతి.

డీఎంఏ (సీపీయూ లేకుండా డేటా మోసే భాగం) సర్క్యులర్ మోడ్, 1,024 బైట్ల బఫర్, ఐడిల్ లైన్ ఇంటరప్ట్ (లైను ఖాళీ అవ్వగానే వచ్చేది) పెట్టండి. సీపీయూ ఆగినా డీఎంఏ ర్యామ్‌లోకి బైట్లు తోస్తూనే ఉంటుంది. పేజీ చెరపడం మోటరు ఆగి ఉన్నప్పుడే చేయాలి, లేకుంటే ఫేజు క్యాప్చర్లు కూడా రెండు సైకిళ్లు పోతాయి. మధ్యలో కొత్త హాఫ్‌వర్డ్ (2 బైట్లు) చేర్చుకుంటూ పోతే ఒక్కోదానికి 70 మైక్రోసెకండ్లు మించదు, 1 కేబీ పేజీలో 512 పడతాయి. బయట ఎఫ్‌ర్యామ్ (చెరపకుండానే రాసే, కరెంటు పోయినా మరవని మెమరీ) చిప్ పెడితే ఈ గొడవే ఉండదు.

మీటరు లెక్క ఎక్కువ రావడానికి కోడ్‌ను తిట్టొద్దు. లోపలి పుల్-అప్ 30 నుంచి 50 కిలోఓమ్‌లు, 40 మీటర్ల వైరు దానికి యాంటెన్నా. బయట 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్, పిన్ను దగ్గర 100 నానోఫారడ్‌ల కెపాసిటర్, మెలితిప్పిన జత వైరు, వీలైతే ఆప్టో. మోటరు కేబుల్ పైపులోనే ఆ వైరు పోనీయొద్దు. రీడ్ స్విచ్ కొట్టుకోవడాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఆపండి: మొదటి ఎడ్జ్ రాగానే ఆ ఎక్స్‌టీఐ లైనును మాస్క్ చేసి 20 మిల్లీసెకండ్ల తర్వాత పిన్ను చూసి, పెండింగ్ బిట్ తీసేసి, మళ్లీ తెరవాలి.

కాంటాక్టర్ కాయిల్‌కు 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (నాయిస్ మింగే రెసిస్టర్-కెపాసిటర్ జత) తప్పనిసరి. కెపాసిటర్ 440 వోల్టుల ఏసీ రేటింగ్‌ది కొనండి. షాపులో సులువుగా దొరికే 275 వోల్టుల ఎక్స్2 రకం 415 కాయిల్ మీద నిలవదు.

దేవరకొండ_బోరు

అన్నా, ఫేజ్ పోయిందంటే మోటరు కాలిపోతది గద. ఆ ఒక్క ఐఎస్‌ఆర్‌ను ప్రయారిటీ 2ల పెట్టి రిలే పిన్ను అక్కడ్నే దించాల్నా? వాచ్‌డాగ్ (టైముకు తట్టకపోతే బోర్డును రీసెట్ కొట్టేది) కూడా టైమర్ ఇంటరప్ట్‌ల తడుదామనుకుంటున్న.

పాలమూరు_లాజిక్

వద్దు. రిలే, కాంటాక్టర్ వదలడానికే పదుల మిల్లీసెకండ్లు పడుతుంది, నువ్వు మైక్రోసెకండ్లు మిగిల్చి లాభం లేదు. వరుసగా 10 సైకిళ్లు తప్పుంటేనే ట్రిప్ చెయ్, 200 మిల్లీసెకండ్లు. మోటరుకు ఏమీ కాదు, ఉత్త ట్రిప్పులు తగ్గుతాయి.

అంతకంటే ముఖ్యం: నడుస్తున్న మోటరుకు ఒక ఫేజు పోతే, మోటరే ఆ తీగ మీద వోల్టేజీ పుట్టిస్తుంది. ఆప్టోకు అన్ని ఫేజులూ ఉన్నట్టే కనిపిస్తుంది. మూడు తీగలకూ సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు) పెట్టి కరెంటు చూడకుంటే ఎంత మంచి ఐఎస్‌ఆర్ రాసినా మోటరు కాలుతుంది.

వాచ్‌డాగ్‌ను టైమర్ ఇంటరప్ట్‌లో తడితే టాస్కులన్నీ చచ్చినా తడుతూనే ఉంటుంది. ప్రతి టాస్కు ఒక బిట్ పెట్టాలి, అన్నీ వచ్చాకే ఒక చిన్న టాస్కు తట్టాలి. వాచ్‌డాగ్‌ను నడిపే లోపలి ఎల్‌ఎస్‌ఐ క్లాక్ 40 కిలోహెర్ట్జ్ అని రాసినా 30 నుంచి 60 దాకా ఉండొచ్చు, టైమవుట్‌కు రెట్టింపు జాగా వదులు.

మిర్యాలగూడ_స్కోప్

వాచ్‌డాగ్ రీసెట్ చేసినప్పుడు పిన్నులన్నీ గాలిలో ఉంటాయి. రిలే ట్రాన్సిస్టర్ బేస్‌కు 10 కిలోఓమ్‌లు గ్రౌండుకు ఉన్నాయా చూసుకోండి. కరెంటు వచ్చిన వెంటనే మోటరు ఎత్తకుండా బోర్డు సీరియల్ నంబరును బట్టి 30 నుంచి 180 సెకండ్ల ఆలస్యం పెట్టండి, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీది బోర్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజీ పడి కాంటాక్టర్లు టకటకలాడతాయి. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారే అడిగింది, బోర్లు ఎండుతాయని. అందుకే ఎస్సెమ్మెస్ వస్తేనో, గంటల లెక్క పెడితేనో తప్ప తనంతట తాను ఎత్తే మోడ్ ఇవ్వకపోవడమే నయం.