హమాలీ పని చేస్తున్న తమ్ముడికి తన మీద తనకు గౌరవం కలగాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక అక్క):
మా తమ్ముడు డిగ్రీ చేసి, కొన్నేళ్లు గ్రూప్స్‌కు చదివి, ఉద్యోగం రాకపోవడంతో ఎనుమాముల మార్కెట్‌లో హమాలీగా చేరాడు. సంపాదన ఇంటికి సరిపోతున్నది, మిర్చి సీజన్‌లో కొంత మిగులుతున్నది కూడా. అయినా పెళ్లిళ్లకు రాడు. వచ్చినా, ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "మార్కెట్‌లో" అని తప్పుకుంటాడు. సంబంధం వాళ్లు వచ్చినప్పుడు మా అమ్మ అతణ్ని అడ్తి దుకాణంలో గుమాస్తా అని చెప్పింది. అప్పటినుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఏ పనైనా పనే కదా అని నేనంటే నవ్వి ఊరుకుంటాడు. మేము ఏం చేయగలం?

జవాబు (భూపాలపల్లి, సింగరేణి విశ్రాంత కార్మికుడు):
అమ్మా, ముందు ఆ "ఏ పనైనా పనే" అన్న మాట మానేయండి. పని తక్కువదని లోపల ఒప్పుకున్నవాళ్లే ఆ మాట అంటారు. నేను భూగర్భ గనిలో టింబర్‌మన్‌గా పనిచేశాను. బొగ్గు పేల్చిన తరువాత పైకప్పును రాడ్డుతో తట్టి, గట్టిగా మోగుతున్నదా, బోలుగా మోగుతున్నదా అని చెవి పెట్టి విని, బోలుగా ఉన్నచోట వదులైన పెళ్లలను దించి, దిమ్మెలు నిలబెట్టేదాకా పెద్ద చదువులు చదివిన అధికారి కూడా నా ముఖం చూస్తూ ఆగేవాడు. ఊళ్లో నాకు మర్యాద దక్కింది జీతం వల్లనే కావచ్చు. నా మీద నాకు మర్యాద కలిగింది మాత్రం అక్కడ. మీ తమ్ముడికీ అటువంటి తెలివి ఉండే ఉంటుంది. మిర్చి గురించి అడగండి, ఓదార్చడానికి కాదు, తెలుసుకోవడానికి.

జవాబు (కొత్తవాడ, జంపఖానాల నేత):
పెద్దాయన చెప్పింది నిజమే గాని, అది సగమే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఈ సరుకు ఈ ప్రాంతానిదేనన్న జీఐ ముద్ర) వచ్చినప్పుడు మేమూ సంతోషపడ్డాము, పిల్లలకు గొప్పగా చెప్పుకున్నాము. అయితే కూలి పెరగకుండా పేరు ఒక్కటే పెరిగితే ఆ సంతోషం ఎంతోకాలం నిలవదు. మీ తమ్ముడికి మార్కెట్ కమిటీ లైసెన్సు ఉన్నదా? రేపు నడుము పట్టేస్తే ఇల్లు ఎట్లా గడుస్తుంది? ప్రధానమంత్రి సురక్ష బీమాకు బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. అది చాలదు గాని, లేనిదానికంటే నయం. ఈ భయాలు తీరకుండా తృప్తిగా ఉండమని ఎవరికి చెప్పినా ఎక్కదు.

జవాబు (కాజీపేట):
సిగ్గుపడుతున్నది మీ తమ్ముడని రాశారు గాని, ముందు సిగ్గుపడింది ఇల్లు. గుమాస్తా అన్న అబద్ధాన్ని అమ్మగారే అతని ఎదుట దిద్దుకోవాలి. నిద్ర పట్టకపోయినా, తాగుడు పెరిగినా మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేయించండి, అందులో తెలుగులో మాట్లాడవచ్చు.

అడిగిన అక్క:
అందరికీ కృతజ్ఞతలు. చపాటా మిర్చికి కారం తక్కువైనా అంత ధర ఎందుకని అడిగాను. అన్నం తింటున్నవాడు ఆగి, దాన్ని కొనేది రంగు కోసమని, 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చిందని, కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమన్నప్పుడే బాగా ఎండినట్లని చాలాసేపు చెప్పాడు. కొత్తవాడ అన్నా, మీ అనుమానం నిజమైంది: లైసెన్సు అతని పేరు మీద లేదు, ఇంకొకరి బదులుగా వెళ్తున్నాడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

కొత్తవాడ నేత:
అయితే ముందు లైసెన్సు సంగతి చూడండి, చెల్లే. హమాలీ సంఘం పెద్దమనిషిని వెంటబెట్టుకొని మార్కెట్ కార్యదర్శి కార్యాలయంలో అడగండి. సీజన్‌లో అక్కడ ఎవరికీ తీరిక ఉండదు, మిర్చి రాక తగ్గాక వెళ్లడం మంచిది. దరఖాస్తు మీరు రాయకండి, డిగ్రీ చదివిన తమ్ముడినే రాయనివ్వండి.