పది సంపుటాల ఫాంటసీ: నిడివే ఆకర్షణా, ఉత్త సాగతీతా?

పాతపేజీ
ప్రశ్న సూటిగానే పెడుతున్నా. వేల పేజీల ఫాంటసీ సిరీస్‌లకు జనం ఎందుకంత అతుక్కుపోతారు? "ఆ లోకంలో కొన్నాళ్లు ఉండిపోవచ్చు" అనే జవాబు చాలదు, ఒక్క పుస్తకంలోనూ లోకాన్ని కట్టొచ్చు. నా అభిప్రాయం: వీటిలో చాలావరకు మూడు సంపుటాల సరుకును పదికి లాగినవే. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' మొదలైంది ట్రిలజీ అనుకునే. మొదటిది 1996లో, అయిదోది 2011లో వచ్చాయి, ఆరోది ఇంకా రాలేదు. రాబర్ట్ జోర్డాన్ మొదలుపెట్టిన 'ద వీల్ ఆఫ్ టైమ్' 1990 నుంచి 2013 దాకా 14 సంపుటాలు, సుమారు 44 లక్షల పదాలు. నిమిషానికి 250 పదాల వేగంతో చదివితే 290 గంటలు దాటుతుంది. రోజూ ఒక గంట కేటాయించినా దాదాపు పది నెలలు. గిట్టుబాటవుతుందా?

దూరపుచుక్క
లోకం కోసం అన్నది తప్పుడు జవాబే, అక్కడ మీతో పేచీ లేదు. అసలు సంగతి జ్ఞాపకం. మొదటి సంపుటంలో ఎవరో యథాలాపంగా అన్న మాటకు ఆరో సంపుటంలో అర్థం తిరగబడుతుంది. మంచి రచయిత దాన్ని మళ్లీ ఎత్తి చూపించడు, మీకు గుర్తుండాలి, అంతే. మీరే పట్టుకున్నారన్న ఆ చిన్న గర్వం 300 పేజీల నవలలో దొరకదు, ఎందుకంటే అక్కడ మరిచిపోయేంత వ్యవధే ఉండదు.

ఫాంటసీ రచయిత్రి రాబిన్ హాబ్‌ని చూడండి. 1995 నుంచి 2017 దాకా ఒకే లోకంలో 16 నవలలు, అయిదు సెట్లు: 3, 3, 3, 4, 3. మొదటి సెట్లో చిన్న పిల్లాడిగా పరిచయమైన కథకుడు ఆఖరి సెట్‌కి వయసు మళ్లిన మనిషి. పాత గాయం ఎక్కడిదో అతను చెప్పక్కర్లేదు, పాఠకుడు దగ్గరుండి చూశాడు. రెండో సెట్లో ఊరూ మారుతుంది, మనుషులూ మారతారు, 'నేను' అని చెప్పే గొంతు పోయి ప్రథమ పురుషలోకి వెళ్తుంది. చాలామంది విసుక్కుని దాన్ని దాటేసి ఏకంగా మూడో సెట్‌కి దూకుతారు. దూకినా కథ అర్థమవుతుంది, కానీ ఆఖరి మూడు పుస్తకాల బరువులో సగం వాళ్లకు అందదు.

ఫుట్‌నోట్
ఇద్దరూ అభిరుచి సంగతి మాట్లాడుతున్నారు. సాగతీత మాత్రం కూడికలూ భాగహారాల వ్యవహారం. మార్టిన్ మొదటి సంపుటంలో ప్రోలాగ్ తీసేస్తే 72 అధ్యాయాలు, ఎవరి కళ్లతో కథ చూస్తామో ఆ పాత్రలు 8. సగటున ఒక్కొక్కరికి 9. అయిదో సంపుటంలోనూ అధ్యాయాల సంఖ్య దాదాపు అంతే, కానీ పాత్రలు 16. సగటు నాలుగున్నర లోపే. ఒక మనిషి కథలో ఆరంభం, చిక్కు, మలుపు, ఫలితం అని కనీసం నాలుగు మెట్లు కావాలి కదా. నాలుగు అధ్యాయాలే దొరికితే పుస్తకం ముగిసేసరికి అతను ఎక్కడికో బయల్దేరి ఉంటాడు, చేరి ఉండడు. అందరూ ప్రయాణంలోనే ఉన్నారన్న విసుగు అక్కడ పుడుతుంది. పేజీలు పెరిగి కాదు, పేజీలు పెరగకుండా కళ్లు పెరిగి.

దీనికి తోడు బైండింగ్ ఒకటి ఉంది. పుస్తకం కొంత మందం దాటితే అది నిలవదు. మార్టిన్ మూడో సంపుటం బ్రిటన్ పేపర్‌బ్యాక్‌లో రెండు పుస్తకాలైంది. నాలుగో సంపుటానికి రాసింది మరీ ఎక్కువైతే, దాన్ని కాలాన్ని బట్టి కాకుండా పాత్రలనూ ప్రాంతాలనూ బట్టి విడదీశారు. అందుకే 2005లో కొందరు, మిగతావాళ్లు ఆరేళ్ల తర్వాత 2011లో. మీ ఇష్టపాత్ర నాలుగులో కనబడకపోతే తప్పు మీ ప్రతిలో లేదు.

పాతపేజీ
ఇదే నేనంటున్నది! 'వీల్ ఆఫ్ టైమ్' 8 నుంచి 10 దాకా అభిమానులే 'స్లాగ్' అని పేరు పెట్టుకున్నారు. పడీ పడీ నడిచే దారి అన్నమాట. ప్రేమించే వాళ్లే అలా అంటుంటే ఇంక సాక్ష్యమెందుకు?

దూరపుచుక్క
ఆ పేరు పెట్టింది ఎవరు? విడుదల రోజున కొన్నవాళ్లు. మొదటి ఆరు సంపుటాలు 1990-94 మధ్యే వచ్చేశాయి. ఏడు నుంచి పదకొండు దాకా వచ్చేసరికి 1996, 1998, 2000, 2003, 2005. తొమ్మిదో దాని ముగింపు చదివి రెండేళ్ల పైన ఎదురుచూసినవాడికి పదోది మెల్లగా నడిస్తే కడుపు మండదా మరి? ఇప్పుడు వరసగా చదివేవాడికి అది కొద్ది వారాల్లో దాటే మైదానం. పుస్తకం మారలేదు, ఎదురుచూపు పోయింది.

ఫుట్‌నోట్
సగం ఒప్పుకుంటా. 8, 9 విషయంలో మీరన్నది నిజం. పదోదానికి ఆ సాకు చెల్లదు. తొమ్మిది చివర జరిగిన ఒక పెద్ద సంఘటనను పదిలో ఒక్కో గుంపూ తాము ఉన్న చోటి నుంచి గమనిస్తుంది. అంటే కథాకాలం వెనక్కి వెళ్లి నిలబడిపోయింది. ఇప్పుడు చదివినా అది నిలబడే ఉంటుంది. ఆ సంపుటం చదవడానికి ఒక పద్ధతి ఉంది: మానేయకండి, కానీ ప్రతి అధ్యాయం మొదటి పేజీలో ఎవరి కథో చూసుకుని, ఆసక్తి లేని గుంపు అధ్యాయాలను సారాంశంతో సరిపెట్టుకోండి. పదకొండులో వేగం తిరిగొస్తుంది.

'వీల్ ఆఫ్ టైమ్' రాస్తుండగానే రాబర్ట్ జోర్డాన్ 2007లో పోయారు. ముగింపు దృశ్యాన్ని మాత్రం తనే రాసి పెట్టారు, నోట్స్ వదిలారు. ఒక్క పుస్తకం అనుకున్న ఆఖరి భాగం మరో రచయిత బ్రాండన్ శాండర్‌సన్ చేతిలో మూడైంది. గమ్యం ముందే తెలిసిన సాగతీత వేరు, తెలియని సాగతీత వేరు. ఈ చర్చలో అసలు గీత అక్కడే గీయాలి.

మూడోగంట
కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొచ్చేది ఎవరైనా చెబుతారా? పూర్తికాని సిరీస్ ముట్టుకోవచ్చా?

కొసచూపు
సిరీస్ ఆకారాన్ని బట్టి. ఏ పుస్తకానికా పుస్తకం ముగిసేవైతే నిశ్చింతగా మొదలుపెట్టండి. టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్' 1983 నుంచి 2015 దాకా 41 నవలలు, ఒకటో నంబరు నుంచి వెళ్లాల్సిన పని లేదు. నిజానికి మొదటి రెండూ తర్వాతివాటికి సరైన నమూనా కావు. ఎనిమిదోది 'గార్డ్స్! గార్డ్స్!' తో మొదలుపెట్టి, ఆ నగర గస్తీదళం వరసనే పట్టుకుని పోతే చాలు. హాబ్‌లా సెట్టు సెట్టుకూ ముగింపు ఉంటే ఒక సెట్ చదివి ఆగినా నష్టం లేదు. ఒకే కథ అన్ని సంపుటాల్లోనూ సాగుతూ మధ్యలో ఆగిపోయినవే చిక్కు. అక్కడ ముగింపు రాకపోయినా ఇప్పటిదాకా ఉన్నది చాలనుకుంటేనే దిగండి.

స్టీవెన్ ఎరిక్సన్ 'మలజాన్' సిరీస్ వేరే జాతి. 10 సంపుటాలూ పూర్తయ్యాయి, 1999 నుంచి 2011. మొదటి పుస్తకం ఏదీ వివరించదు, నడుస్తున్న యుద్ధంలోకి తోసేస్తుంది. రెండోది ఇంకో ఖండానికి పోయి చాలావరకు కొత్త మనుషుల్ని దింపుతుంది. మూడోది మొదటివాళ్ల దగ్గరికి తిరిగొస్తుంది. అయిదోదాంట్లో మళ్లీ కొత్త ఖండం. జనం వదిలేసేది మొదటి దాంట్లోనే, కానీ తీర్పు అక్కడ చెప్పకూడదు, మూడు పూర్తి చేయాలి. అప్పటికీ పట్టకపోతే మీకు నప్పదు, నిస్సంకోచంగా వదిలేయండి. ముందు పేజీల్లో పాత్రల పట్టిక ఉంటుంది, దాన్నే వాడండి. ఫోన్‌లో పేరు కొట్టి వెతకొద్దు, పేరు పూర్తిచేయకముందే పక్కన 'మరణం' అని సూచన వచ్చి కూర్చుంటుంది.

సంపుటానికీ సంపుటానికీ మధ్య నెలల విరామం వస్తే పాతది మొత్తం మళ్లీ చదవక్కర్లేదు. చివరి నాలుగైదు అధ్యాయాలు, ఆపైన ఒక్కో ముఖ్య పాత్ర ఎక్కడ, ఎవరితో, ఏ పని మీద ఉందో ఒక వాక్యం. ముగించిన రోజే రాసుకుంటే పది నిమిషాల పని, ఆర్నెల్ల తర్వాతైతే ఒక సాయంత్రం పోతుంది.

పాతపేజీ
గమ్యం తెలిసిన సాగతీత, తెలియని సాగతీత అన్న విభజన వరకు ఒప్పుకుంటున్నా. పదో సంపుటం మీద మాత్రం నా మాట మారదు.

మూడోగంట
'వీల్ ఆఫ్ టైమ్' ప్రీక్వెల్ ముందు చదవాలా?

ఫుట్‌నోట్
వద్దు. 'న్యూ స్ప్రింగ్' నవలగా వచ్చింది 2004లో, పదికీ పదకొండుకీ మధ్య. మొదటి సంపుటం దాచిపెట్టిన ఇద్దరి గతాన్ని అది ముందే విప్పేస్తుంది. పది తర్వాతే పెట్టుకోండి. చిన్న పుస్తకం, పైగా ఆ మైదానం దాటాక కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది.